లక్షా అరవై వేల డాలర్లలో ఏ 911?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. పోర్షే 911 కొనాలని ఎప్పటినుంచో కోరిక, ఇన్నాళ్ళకి కుదిరింది. ట్యాక్సు, రిజిస్ట్రేషను అన్నీ కలుపుకుని 1,60,000 డాలర్లు దాటకూడదని ఇంట్లో ఒప్పందం. ఆఫీసుకు రోజూ రానూపోనూ 44 మైళ్ళు. సగం టోల్‌వే మీద, సగం సిగ్నళ్ళ మధ్య. పిల్లలు ఇద్దరు, పదేళ్ళు, ఏడేళ్ళు. నాకు మాన్యువల్ గేర్లు వచ్చు, మా ఆవిడకి రావు. క్యారెరా, టీ, ఎస్, జీటీఎస్ అని ఇన్ని రకాలుంటే ఏది తీసుకోవాలో తేలడం లేదు. షోరూమువాళ్ళు 2025 మోడల్ క్యారెరా ఒకటి మిగిలింది, తీసుకోండి అంటున్నారు. స్నేహితుడు 2026 ఆర్డరు పెట్టమంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదేమో, "తిరిగొచ్చేటప్పుడు బండి వెంట తెచ్చుకో బావా, ఇక్కడ రెట్టింపు రేటు" అంటున్నాడు. సలహా చెప్పగలరు.

సమాధానం: బండి సంగతికి ముందు డబ్బు లెక్క తేల్చుకోవాలి. సగం సందేహాలు అక్కడే తీరిపోతాయి. టెక్సస్‌లో వాహనాల అమ్మకపు పన్ను 6.25 శాతం. మీ 1,60,000లో పన్ను, టైటిలు, రిజిస్ట్రేషను, షోరూము కాగితాల ఖర్చు తీసేస్తే కారుకి మిగిలేది దాదాపు 1,50,000. అంటే అద్దానికి అంటించిన విండో స్టిక్కరు మీద కింది వరసలో కనిపించే మొత్తం అంతకి మించకూడదు. పాత కారు అదే షోరూములో ఇచ్చేస్తే దాని విలువ తీసేసి మిగతాదానికే పన్ను కడతారు, కాస్త ఊపిరాడుతుంది. లీజుకి తీసుకుంటే పన్ను తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. టెక్సస్‌లో లీజు బండికి కూడా మొత్తం ధర మీదే పన్ను పడుతుంది, అది కిస్తీల్లో కలిసి మీ దగ్గరికే వస్తుంది.

ఇప్పుడు ధరలు. 2025 మోడళ్ళు ప్రకటించిన నాటికి క్యారెరా కూపే 1,20,100 డాలర్లు, క్యారెరా టీ 1,34,000, క్యారెరా ఎస్ 1,46,400, క్యారెరా జీటీఎస్ 1,64,900. ప్రతిదానికీ అప్పట్లో డెలివరీ చార్జీ 1,995 అదనం. ఇవి కనీస ధరలనుకోండి, ఎందుకంటే అప్పటినుంచి పెరుగుతూనే ఉన్నాయి. 911లన్నీ జర్మనీలో, స్టుట్‌గార్ట్ నగరంలోని జుఫెన్‌హౌజెన్ ఫ్యాక్టరీలో తయారవుతాయి. పోర్షేకి అమెరికాలో ఫ్యాక్టరీ లేదు. 2025 ఏప్రిల్లో దిగుమతి కార్ల మీద 25 శాతం అదనపు సుంకం పడింది. యూరప్ కార్లకి తర్వాత అది మొత్తం 15 శాతానికి దిగినా, స్టిక్కరు ధరలు మాత్రం పాత చోటికి రాలేదు. కాబట్టి మీరు చూసే స్టిక్కరు ఏ నెలదో అడిగి తెలుసుకోండి.

ఈ లెక్కలో జీటీఎస్ మొదటి అడుగులోనే పోయింది. ఎస్ కూడా పోయినట్టే: ఆప్షన్లేవీ లేని ఎస్ పాత ధరకి దొరికినా 1,48,395 అవుతుంది, అలాంటిది ఏ షోరూములోనూ నిలబడి ఉండదు. మిగిలినవి రెండు, క్యారెరా, టీ. మీ ఆవిడకి క్లచ్ అలవాటు లేదు, టీలో ఆటోమేటిక్ లేదు. కాబట్టి నా సలహా క్యారెరా. కారణాలు, ఆ క్యారెరాని ఎలా ఎంచుకోవాలన్నదీ కింద చెబుతాను. వదిలేసిన వాటి గురించి కూడా తెలియాలి, లేకపోతే సంతకం పెట్టేరోజు సేల్స్‌మాన్ మళ్ళీ ఎస్ ఎదురుగా నిలబెడతాడు.

పేర్ల తికమక ముందు. "టర్బో" అని వెనక రాసి ఉన్నదానికే టర్బో ఉంటుందని చాలామంది అనుకుంటారు. 2015లో వచ్చిన మార్పు దగ్గర్నుంచి క్యారెరాలన్నిటికీ టర్బోచార్జర్లున్నాయి, అంటే ఇంజినులోకి గాలిని నొక్కి పంపేవి. 911 టర్బో అన్నది ఇప్పుడొక హోదా పేరు మాత్రమే. ఈ తరంలో టర్బో లేకుండా, తనంతట తాను గాలి పీల్చుకునే ఇంజిను ఒక్క జీటీ3 కుటుంబానిదే. 4 లీటర్లు, 9,000 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది. ధర ప్రకటించిన నాడే 2,22,500 డాలర్లు, అదీ షోరూముకి పాత ఖాతాదారులైతేనే. మన లెక్కలోకి రాదు. 2025 సెప్టెంబరులో మ్యూనిక్ మోటార్ షోలో బయటపెట్టిన టర్బో ఎస్ 701 హార్స్ పవర్, 2,70,300 డాలర్లు. అదీ అంతే.

క్యారెరా. 3 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, రెండు టర్బోలు, అమెరికా లెక్కలో 388 హార్స్ పవర్, 331 పౌండ్-ఫుట్ల టార్కు. 2024 మే నెలలో చేసిన మార్పులో దీనికి పాత జీటీఎస్ టర్బోచార్జర్లు, టర్బో మోడల్ ఇంటర్‌కూలర్లు (ఆ గాలిని చల్లబరిచేవి) పెట్టారు. ఇంటర్‌కూలర్ సంగతి టెక్సస్‌లో చిన్న విషయం కాదు. టర్బో నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడి గాలిలో ఆక్సిజన్ తక్కువ; జులైలో 105 డిగ్రీల ఎండలో రెండు సిగ్నళ్ళ దగ్గర నిలిచిన ఇంజిను మూడో సిగ్నల్ దగ్గర మందగించడానికి ఇదే కారణం. కూలర్ పెద్దదైతే ఆ నీరసం తగ్గుతుంది. గేరుబాక్సు ఎనిమిది గేర్ల పీడీకే ఒక్కటే, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్. స్పోర్ట్ క్రోనో అనే అదనపు ప్యాకేజీ (దాని సంగతి కింద చెబుతాను) ఉంటే 60 మైళ్ళ వేగం 3.7 సెకన్లలో, లేకపోతే 3.9లో. గరిష్ఠ వేగం 183 మైళ్ళు. డల్లాస్ నార్త్ టోల్‌వే మీద ఇందులో సగం కూడా చట్టప్రకారం వాడలేరు.

టీ. ఇదీ అదే 388 హార్స్ పవర్ ఇంజిను, కానీ గేర్లు ఆరు, మాన్యువల్ ఒక్కటే. ఈ తరం మార్పు తర్వాత కొత్త 911లో మూడో పెడల్ కావాలంటే టీ గాని, జీటీ3 గాని కొనాలి. బరువు పీడీకే క్యారెరా కంటే 40 కిలోలకు పైగా తక్కువ. పల్చటి అద్దాలు, శబ్దాన్ని ఆపే సరంజామా తక్కువ, 10 మిల్లీమీటర్లు కిందికి దిగిన సస్పెన్షన్, వెనక చక్రాలు కూడా కాస్త తిరిగే స్టీరింగు, స్పోర్ట్ ఎగ్జాస్టు, స్పోర్ట్ క్రోనో అన్నీ ధరలోనే. గేరు నాబ్ అక్రోటు చెక్కతో చేసింది. కూర్చుంటే వదిలి రాబుద్ధి కాదు. వీటన్నిటినీ విడివిడిగా లెక్కేస్తే క్యారెరా మీద పెట్టే 13,900 ఎక్కువేం కాదు. ఇబ్బంది మీ ప్రయాణంలో ఉంది. రోజూ గంటలో సగం సిగ్నళ్ళ మధ్య పాకే దారిలో క్లచ్ తొక్కడం మొదటి నెల సరదా, ఆరో నెలకి మోకాలి నొప్పి. ఇక మీ ఆవిడ ఎప్పటికీ ఆ బండి తీయలేరు. ఇంట్లో ఒప్పందం చేసుకుని కొంటున్న బండి ఒకరికే పనికొస్తే ఆ ఒప్పందం ఎన్నాళ్ళు నిలుస్తుందో మీకే తెలియాలి. మీ ఆవిడ నేర్చుకుంటానని తనంతట తాను అంటే మాత్రం నేను వెంటనే మాట మార్చి టీ అంటాను.

ఎస్. ఇంజిను అదే 3 లీటర్లది, టర్బోలు వేరు, 473 హార్స్ పవర్. స్పోర్ట్ క్రోనోతో 60 మైళ్ళు 3.1 సెకన్లలో. ముందు బ్రేకు డిస్కులు 408 మిల్లీమీటర్లు, స్పోర్ట్ ఎగ్జాస్టు, వెనక రెండు చక్రాలకీ శక్తిని సర్ది పంచే పీటీవీ ప్లస్ అనే లాక్ డిఫరెన్షియల్ ధరలోనే. నెలకోసారి రేస్ ట్రాక్‌కి వెళ్ళేవారికి ఇవి అవసరం. ఆఫీసుకి వెళ్ళేవారికి ఎస్ తెచ్చే అదనపు ఖర్చు టైర్లలో కనిపిస్తుంది. క్యారెరాకి ముందు 235/40 జెడ్‌ఆర్ 19, వెనక 295/35 జెడ్‌ఆర్ 20. ఎస్‌కి ముందు 245/35 జెడ్‌ఆర్ 20, వెనక 305/30 జెడ్‌ఆర్ 21. వెడల్పుని రెండో అంకె శాతంతో గుణిస్తే టైరు పక్కగోడ ఎత్తు వస్తుంది. క్యారెరా వెనక టైరు పక్కగోడ 103 మిల్లీమీటర్లు, ఎస్‌ది 91న్నర. ఆ 12 మిల్లీమీటర్ల రబ్బరే గుంతలో పడ్డప్పుడు రిమ్ము వంకర పోకుండా కాపాడేది. అందుకే సేల్స్‌మాన్ "20/21 చక్రాలు వేస్తే బండికి అందం" అన్నప్పుడు అందం నిజమేనని ఒప్పుకుని, 19/20తోనే ఉండండి.

జీటీఎస్ బడ్జెట్‌లో లేకపోయినా దాని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. "హైబ్రిడ్ కదా, పెట్రోలు ఆదా" అని ఎవరో ఒకరు మీతో అంటారు. దీనికి ప్లగ్ లేదు, ఇంట్లో చార్జింగు పెట్టేది కాదు, కరెంటు మీద ఆఫీసుకి వెళ్ళేదీ కాదు. బ్యాటరీ మొత్తం 1.9 కిలోవాట్-అవర్లు, 27 కిలోలు. అది ఉన్నది వేగం కోసం. ఇంజిను 3.6 లీటర్లది, టర్బోచార్జర్ ఒక్కటే. మామూలు టర్బోని తిప్పేది ఎగ్జాస్టు గాలి. యాక్సిలరేటరు తొక్కిన క్షణంలో ఆ గాలి చాలదు కాబట్టి టర్బో అందుకోవడానికి కాస్త ఆలస్యమవుతుంది. ఇందులో టర్బో లోపలి రెండు చిన్న చక్రాల మధ్య ఒక మోటారు పెట్టారు. అది ముందే టర్బోని తిప్పేస్తుంది, ఎగ్జాస్టు ఎక్కువైనప్పుడు అదే మోటారు జనరేటరుగా మారి 11 కిలోవాట్ల దాకా కరెంటు తీస్తుంది. అందుకని మిగులు ఎగ్జాస్టుని పక్కకి వదిలే వేస్ట్‌గేటు అవసరం పోయింది. ఇంకో మోటారు గేరుబాక్సు లోపల ఉండి ఇంజినుకి సాయం పడుతుంది. ఏసీ కంప్రెసరు కూడా కరెంటు మీదే నడుస్తుంది, ఇంజినుకి బెల్టే లేదు. దానివల్ల ఇంజిను ఎత్తు 110 మిల్లీమీటర్లు తగ్గి, ఆ ఖాళీలో కరెంటు పరికరాలు కూర్చున్నాయి. మొత్తం 532 హార్స్ పవర్, 60 మైళ్ళు 2.9 సెకన్లలో, పాతదాని కంటే బరువు 50 కిలోలే ఎక్కువ. ఇంజనీరింగ్ గొప్పగా ఉంది. కానీ ఎప్పుడైనా వాడినది కొనాలనిపిస్తే, 400 వోల్టుల భాగాలకి వారంటీ ఎప్పటిదాకా ఉందో పుస్తకంలో చదివి, మిగిలిన కాలం ఎంతో చూసుకున్నాకే సంతకం పెట్టండి. బయటి మెకానిక్ చేతికి అందే పని కాదది.

నాలుగు చక్రాల డ్రైవ్ కోసం ఆరాటపడకండి. డల్లాస్‌లో ఏడాదికి ఒకటి రెండు రోజులు మంచు గడ్డకడుతుంది. ఆరోజు వేసవి టైర్లున్న ఏ 911 అయినా గరాజులో ఉండాల్సిందే. నాలుగు చక్రాలూ తిరిగితే కదలడం సులువవుతుంది గాని, ఆగడానికి కావలసింది టైరు పట్టు. ఉష్ణోగ్రత 45 ఫారెన్‌హీట్ కంటే కిందికి పోతే వేసవి టైరు రబ్బరు గట్టిపడి ఆ పట్టు పోతుంది.

ఇక మీ క్యారెరా. అన్నిటికంటే ముందు వెనక సీట్లు. ఈ తరంలో 911 కూపేలు మామూలుగా రెండే సీట్లతో వస్తాయి. వెనక సీట్లకి అదనపు డబ్బు లేదు, కానీ ఆర్డరులో ఆ గడిలో టిక్కు పెట్టాలి. షోరూమువాళ్ళు తమ స్టాకు కోసం తెప్పించుకున్న బండిలో పెట్టారో లేదో ఫోటోలో తెలియదు. మీకు చూపిస్తున్న 2025 బండి తలుపు తీసి, వెనక సీట్లు, వాటి బెల్టులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ఎంత తగ్గించినా ఆ బండి మీది కాదు. తర్వాత వేయించుకుందాం అనుకునే పని కాదది. ఉన్నా సరే, పిల్లలిద్దరినీ, బూస్టరు సీటునీ తీసుకెళ్ళి కూర్చోబెట్టండి, ముందు సీటు మీరు నడిపే చోటికి జరిపి. ఏడేళ్ళ పిల్లకి సరిపోతుంది. పదేళ్ళ పిల్లకి రెండు మూడేళ్ళలో మోకాళ్ళు తగులుతాయి. ఆ తర్వాత ఆ సీట్లు సంచులు పెట్టుకోవడానికే. ముందు బానెట్ కింద డిక్కీ 135 లీటర్లు. విమానంలో చేత్తో పట్టుకెళ్ళే పెట్టెలు రెండు పడితే గొప్ప. ఇండియా నుంచి వచ్చే అత్తమామల్ని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చేది ఇంట్లోని పెద్ద బండే.

ఆప్షన్లలో నేను డబ్బు పెట్టమనేవి మూడు. మొదటిది ఫ్రంట్ యాక్సిల్ లిఫ్ట్. బటన్ నొక్కితే ముందు భాగం సుమారు 40 మిల్లీమీటర్లు లేస్తుంది. ఒకసారి లేపిన చోటుని జీపీఎస్‌తో గుర్తు పెట్టుకుని, తర్వాత అక్కడికి రాగానే తనే లేస్తుంది. మీ డ్రైవ్‌వే ఏటవాలుగా రోడ్డుని కలిసేచోట, ఆఫీసు పార్కింగు ర్యాంపు మొదట్లో ముందు బంపరు కింది అంచు గీసుకుంటుంది, రోజూ కాస్త కాస్త. తర్వాత పెట్టించుకోవాలంటే గొట్టాలు, పంపు అన్నీ కొత్తగా వేయాలి, కాబట్టి ఆర్డరు రోజే నిర్ణయించుకోండి. రెండోది స్పోర్ట్ క్రోనో. స్టాప్‌వాచీ కోసం కాదు. స్టీరింగు మీద మోడ్ మార్చే చక్రం మధ్యలోని బటన్ నొక్కితే 20 సెకన్లపాటు బండి పూర్తి సత్తువతో సిద్ధంగా ఉంటుంది, అమ్మేటప్పుడు కొనేవాళ్ళు మొదట అడిగేదీ అదే. మూడోది సీట్లు: ఎక్కువ దిశల్లో సర్దుకునేవీ, గాలి ఆడేవీ. టెక్సస్ ఎండలో తోలు సీటు సంగతి చెప్పక్కర్లేదు.

డబ్బు పెట్టొద్దనేవి: సెరామిక్ బ్రేకులు. రోడ్డు మీద మామూలు ఇనుప డిస్కులే చాలు, సెరామిక్ డిస్కు ఒకటి దెబ్బతింటే మార్చే ఖర్చు గుండె గుభేల్మనిపిస్తుంది. తోలు చుట్టిన ఏసీ వెంట్లు, రంగు వేసిన తాళంచెవి, బెల్టుల రంగు లాంటివి ఒక్కొక్కటీ చూస్తే కొన్ని వందలే. కాన్ఫిగరేటరు, అంటే ఆప్షన్లు ఎంచుకుని బండిని తయారుచేసుకునే పోర్షే వెబ్‌సైటు పేజీ, ముందు రాత్రి పదింటికి కూర్చుంటే పన్నెండింటికి పదిహేను వేలు దాటిస్తాయి.

2025దా, 2026దా? మోడల్ ఇయర్ అంటే తయారైన సంవత్సరం కాదు. బండి గుర్తింపు సంఖ్య, అంటే 17 అక్షరాల విన్ నంబరులో పదో అక్షరం చూడండి: ఎస్ ఉంటే 2025, టీ ఉంటే 2026. (క్యారెరా ఎస్, టీలతో దీనికి సంబంధం లేదు.) తయారైన నెల డ్రైవరు వైపు తలుపు ఫ్రేము మీద అంటించిన లేబుల్లో ఉంటుంది. టైరు పక్కన డాట్ అన్న అక్షరాల చివర నాలుగు అంకెలుంటాయి. 3024 అంటే 2024లో ముప్పయ్యో వారం. బండి ఎన్నాళ్ళు ఎండలో నిలబడిందో ఈ మూడూ కలిపి చెబుతాయి. ఇంజిను, గేరుబాక్సు రెండు ఏళ్ళలోనూ ఒకటే. చెప్పుకోదగ్గ తేడా తెర వెనక ఉంది: 2026లో ఇన్ఫోటైన్‌మెంట్ ప్రాసెసరు వేగం పెరిగింది, అలెక్సా, డాల్బీ అట్మాస్ వచ్చాయి. దానికోసం ఏడాది ఎదురుచూడక్కర్లేదు. అయితే అమ్మే రోజున మీ 2025 బండిని మార్కెట్టు 2025గానే చూస్తుంది, మీరు ఎప్పుడు కొన్నా సరే. కాబట్టి మిగిలిన బండి తీసుకోవాలంటే, అవే ఆప్షన్లున్న 2026 స్టిక్కరు కంటే కనీసం 6, 7 శాతం తక్కువకి రావాలి. సుంకాలకి ముందు దిగిన బండి అయితే స్టిక్కరే తక్కువ ఉంటుంది, ఆ తేడాని తగ్గింపుగా చూపిస్తే ఒప్పుకోకండి. ఇంకొక్క ప్రశ్న అడగండి: "ఇన్-సర్వీస్ తేదీ పడిందా?" నాలుగేళ్ళు లేదా 50,000 మైళ్ళ వారంటీ ఆ తేదీ నుంచే మొదలవుతుంది. ఎవరూ కొనని కొత్త బండికైతే మీరు కొన్న రోజు; షోరూమువాళ్ళు డెమోగా తిప్పిన బండికైతే ఎప్పుడో మొదలై ఉంటుంది.

బేరం. కాన్ఫిగరేటరులో మీ బండి తయారుచేస్తే ఒక పోర్షే కోడ్ వస్తుంది. అదే కోడ్‌ని మూడు నాలుగు షోరూములకి పంపండి, ఆస్టిన్, హ్యూస్టన్, ఓక్లహోమాలతో సహా. ఫోనులో మాట్లాడకుండా ఈమెయిల్లో అడగండి: అలొకేషన్ ఎప్పటికి దొరుకుతుంది, స్టిక్కరు మీద అదనం ఎంత, అన్నీ కలిపి బయటికొచ్చే ధర ఎంత. అలొకేషన్ అంటే ఫ్యాక్టరీ ఆ షోరూముకి కేటాయించిన వంతు. అది లేని షోరూము మీ అడ్వాన్సు తీసుకుని మిమ్మల్ని వరసలో నిలబెట్టడం తప్ప ఏమీ చేయలేదు. అడ్వాన్సు వెనక్కిస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. ఆర్డరు ఏ తేదీన బిగుసుకుంటుందో అడగండి. అప్పటిదాకా రంగులు, సీట్లు మార్చుకోవచ్చు, తర్వాత కుదరదు. మామూలు క్యారెరాకి స్టిక్కరు కంటే పైసా అదనం ఇవ్వాల్సిన పని లేదు. టైర్లలో నైట్రోజన్, అద్దాల మీద నంబరు చెక్కడం, రంగు మీద ద్రవం పూత లాంటివి బిల్లులో కనిపిస్తే కొట్టేయించండి. టెక్సస్‌లో ముందు నంబరు ప్లేటు తప్పనిసరి. దానికోసం బంపరుకి రంధ్రాలు వేసే ముందే, టో-హుక్ (బండిని లాగే కొక్కెం) చోట బిగించే స్టాండు కావాలని చెప్పండి.

డబ్బు పెట్టాల్సిన పూత ఒకటుంది, పీపీఎఫ్, అంటే రంగుని కాపాడే పారదర్శకమైన ఫిల్మ్. ముందు బంపరు, బానెట్‌కి అందరూ వేయిస్తారు. 911కి అంతకంటే ముఖ్యమైన చోటు వెనక చక్రానికి ముందున్న ఫెండరు కింది భాగం. బండి నడుము దగ్గర సన్నగా ఉండి వెనక ఉబ్బుతుంది, ముందు చక్రం ఎగరేసిన రాళ్ళన్నీ వచ్చి తగిలేది అక్కడే. చాలా ప్యాకేజీల్లో అది ఉండదు, పేరు పెట్టి అడగాలి.

బండి ఇంటికొచ్చాక మొదటి 2,000 మైళ్ళు నెమ్మది. పూర్తి యాక్సిలరేటరు వద్దు, ఎక్కువ ఆర్‌పీఎం వద్దు, ఒకే వేగంలో గంటలకొద్దీ పోవడమూ వద్దు. కొత్త టైర్లకి మొదటి వంద మైళ్ళు పట్టు తక్కువ. డిప్‌స్టిక్ వెతక్కండి, లేదు. ఆయిల్ మట్టం తెర మీదే చూడాలి, ఇంజిను వేడెక్కి, బండి చదునైన చోట ఉన్నప్పుడు. చల్లగా ఉన్నప్పుడు చూసి, తక్కువ చూపించిందని పోసేసేవాళ్ళున్నారు. ఆయిల్ ఎక్కువైతే తక్కువైనదాని కంటే పెద్ద తలనొప్పి, తీయించాల్సి వస్తుంది. కొన్నాళ్ళు ఆగిన బండిని స్టార్టు చేయగానే ఒక్క గుప్పెడు నీలిపొగ వస్తే భయపడకండి. సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి కాస్త ఆయిల్ అక్కడే నిలిచి కాలిపోతుంది. రోజూ వచ్చినా, వేడెక్కాక వచ్చినా చూపించండి. ఆయిల్ మార్పు 10,000 మైళ్ళకి లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. బ్రేకు ఫ్లూయిడ్ రెండేళ్ళకోసారి, బండి కదలకపోయినా సరే, ఎందుకంటే అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. పెట్రోలు ప్రీమియమే, టెక్సస్ బంకుల్లో 93.

టైర్ల దుకాణం 5,000 మైళ్ళకోసారి ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారుస్తామంటే నవ్వి వచ్చేయండి. రెండింటి కొలతలు వేరు, మార్చడం కుదరదు. ఇంజిను బరువు వెనక ఉండడం, తోసేది వెనక చక్రాలు కావడం వల్ల వెనక టైర్లు ముందువాటి కంటే చాలా ముందుగా అరుగుతాయి. 10,000 మైళ్ళ ప్రాంతంలో వాటికి డబ్బు పక్కన పెట్టుకోండి. కొనేటప్పుడు పక్కగోడ మీద ఎన్0, ఎన్1 లాంటి గుర్తు చూడండి, అది పోర్షే పరీక్షించి ఒప్పుకున్న టైరని అర్థం. స్టెప్నీ లేదు, ఉండేది గాలి పంపు, రంధ్రం పూడ్చే ద్రవం. పక్కగోడ చీలితే టో ట్రక్కే గతి.

వాన విషయంలో ఒక హెచ్చరిక. 295 వెడల్పున్న టైరు నిలిచిన నీళ్ళ మీద తేలిపోతుంది. ముందు చక్రాల గూళ్ళలో శబ్దం పట్టే సెన్సార్లుంటాయి. రోడ్డు మీది నీటి చప్పుడు విని, వెట్ మోడ్ పెట్టమని తెర మీద చెబుతాయి. చెప్పగానే పెట్టండి, వేగం తగ్గించండి, అరిగిన వెనక టైర్లతో వసంతకాలపు వానల్లోకి వెళ్ళకండి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు ఒక్కసారిగా తీయడం 911లో పాత తప్పు: బరువు ముందుకి మారి, వెనక భాగం తేలికై జారుతుంది. ఎలక్ట్రానిక్స్ చాలావరకు కాపాడతాయి, భౌతికశాస్త్రాన్ని మార్చలేవు. అట్లాంటాలో, లాస్ ఏంజెలెస్ దగ్గర పోర్షే ఎక్స్‌పీరియన్స్ సెంటర్లున్నాయి. మొదటి స్పోర్ట్స్ కారు కాబట్టి ఒక పూట అక్కడ తడి నేల మీద శిక్షణ తీసుకోవడం ఏ ఆప్షన్ కంటే మేలు. ఆస్టిన్‌లో ట్రాక్ రోజుకి వెళ్ళాలనిపిస్తే ముందు ఇన్సూరెన్సు పాలసీ చదవండి. మామూలు పాలసీలు ట్రాక్ మీద జరిగినదానికి చెల్లించవు, ఆ ఒక్కరోజుకి వేరే పాలసీ దొరుకుతుంది. వడగళ్ళు మీకు కొత్త కాదు కాబట్టి గరాజులో ఏ బండి ఉండాలో ఇంట్లో ముందే తేల్చుకోండి.

చివరిగా మీ బావమరిది మాట. రెట్టింపు రేటన్నది నిజమే. ఇదే మార్పు తర్వాత 2024లో ఇండియాలో క్యారెరా 1.99 కోట్లకి, క్యారెరా 4 జీటీఎస్ 2.75 కోట్లకి వచ్చాయి, అదీ ఎక్స్-షోరూము. కానీ అమెరికా బండి అక్కడ పనికిరాదు. స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, ఇండియా దిగుమతి నిబంధనలు కుడివైపు స్టీరింగే అడుగుతాయి. విదేశాల నుంచి తిరిగొచ్చేవారికి ఇంటి సామాన్ల మీద ఇచ్చే సుంకం రాయితీ కార్లకి వర్తించదు. కాబట్టి తిరిగి వెళ్ళాలనుకున్నప్పుడు బండిని అమెరికాలోనే అమ్మండి, టికెట్లు కొన్నాక తొందరలో కాకుండా నాలుగైదు నెలల ముందు, వారంటీ కాస్తయినా మిగిలి ఉండగానే. ఇవాళ్టి నుంచే ఒక ఫైలు పెట్టుకోండి: విండో స్టిక్కరు, ప్రతి సర్వీసు రశీదు, పీపీఎఫ్ వారంటీ కాగితం, వాడని రెండో తాళంచెవి.